మౌస్ ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే: డిజిటల్ టూల్స్‌తో గ్రూప్ వర్క్‌షాప్ నడపడం ఎలా

విశాఖలో మధురవాడ వైపు ఒక కాలనీ. గట్టి వాన పడితే రెండు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పంపాలి అన్నది కాలనీవాళ్లంతా కూర్చుని తేల్చుకోవాలి, ఆ వర్క్‌షాప్ నడపమని నన్ను పిలిచారు. అప్పటికి ఐటీ ఆఫీసుల్లో ఇలాంటివి బోలెడు నడిపిన ధీమా నాది. మిరో అనే ఆన్‌లైన్ వైట్‌బోర్డు సిద్ధం చేసుకున్నాను. రంగురంగుల స్టిక్కీ నోట్లు, పక్కనే మ్యాప్. 28 మంది వచ్చారు. "అందరూ ఫోన్లు తీసి ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యండి" అన్నాను.

లాగిన్ అడిగింది. కొందరికి జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఒకాయనకి జీమెయిల్ పెట్టిచ్చింది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, ఓటీపీ అతనికి వెళ్లింది, అతను మీటింగ్‌లో ఉన్నాడు. నలభై నిమిషాలు అలా పోయాయి. చివరికి బోర్డు మీద రాసింది ఇద్దరు కుర్రాళ్లు. మిగతావాళ్లు పెళ్లి వీడియో చూసినట్టు తెర చూస్తూ కూర్చున్నారు. టీ బ్రేకులో డెబ్బై దాటిన ఒక మామ్మగారు నా దగ్గరికొచ్చి, తెర మీద గెడ్డ, అంటే వాగు, అని గీసిన నీలం గీతను చూపించి మెల్లగా అన్నారు: "ఏటి బాబూ, గెడ్డ అటు కాదు కదా ఎల్లేది. ఆ అపార్ట్‌మెంటు కట్టకముందు ఇటేపు నుంచే ఎల్లేది. దాన్ని పూడ్చేసినాక నీళ్లెక్కడికెల్తాయి?"

ఆ హాల్లో అసలు సంగతి తెలిసిన మనిషి ఆవిడ. గంటన్నర సేపు ఆవిడ నోరు తెరిచే వీలు లేకుండా చేసింది నేను, నా బోర్డు. కింద రాసినవన్నీ ఆ రోజు తర్వాత నేర్చుకున్నవి. కాలనీ సంఘాలకూ డ్వాక్రా సంఘాలకూ ఆఫీసు టీములకూ ఇదే పద్ధతి వాడుతున్నాను. ఉదాహరణగా మాత్రం ఈ వాననీళ్ల వర్క్‌షాప్‌నే చివరిదాకా పట్టుకుంటాను.

మొదటి అడుగు: తేల్చాల్సింది ఒక్క వాక్యంలో రాయండి

"వాననీటి సమస్యపై చర్చ" అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. చర్చకు వర్క్‌షాప్ అక్కర్లేదు, టీ కొట్టు చాలు. "ఈ వానాకాలం లోపు చేయించాల్సిన మూడు పనులేవి, ఒక్కోదాని వెంట ఎవరు పడతారు" అన్నది తేల్చదగిన ప్రశ్న. పిలిచినవాళ్లను నేను అడిగేది ఒకటే: వర్క్‌షాప్ ఆదివారం అయిపోతే, సోమవారం పొద్దున ఏ కాగితం ఎవరి చేతిలో ఉండాలి? కాలనీ విషయంలో అది సోమవారం జరిగే పీజీఆర్ఎస్‌లో (ప్రజా ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ కార్యక్రమం) ఇవ్వాల్సిన అర్జీ, దానికి జత చేసిన మ్యాప్. ఆఫీసు టీముకైతే వచ్చే మూడు నెలల పనుల జాబితా. ఆ కాగితం ఎలా ఉండాలో తెలిస్తే టూల్ దానంతటదే తేలుతుంది.

ఇంకో ప్రశ్న కూడా మొహమాటం లేకుండా అడగాలి. నిర్ణయం ఇప్పటికే అయిపోయిందా? అయిపోతే "అందరి అభిప్రాయం తీసుకున్నాం" అనిపించుకోవడానికి మనల్ని పిలుస్తున్నారన్నమాట. అలాంటివి రెండు నడిపాను. రెండుసార్లూ జనం పది నిమిషాల్లో పసిగట్టేశారు. ఇప్పుడు మర్యాదగా వద్దంటున్నాను.

రెండో అడుగు: ఎవరు, ఎందరు, ఎప్పుడు

30 మంది ఒకరి తర్వాత ఒకరు రెండేసి నిమిషాలు మాట్లాడితే గంట అయిపోతుంది, అప్పటికి ఒక్క నిర్ణయం కూడా జరగదు. పైగా మనలో రెండు నిమిషాల్లో ఆపేవాళ్లు ఎవరు? అందుకే 24 నుంచి 30 మందిని ఐదారుగురు చొప్పున బల్లలకు పంచుతాను. అంతకు మించితే రెండు రోజులు పెట్టుకోవడమే మంచిది.

పిలవాల్సినవాళ్ల జాబితాలో సంఘం ప్రెసిడెంటు, సెక్రటరీ ఎలాగూ ఉంటారు. నేను అదనంగా ముగ్గురిని అడుగుతాను: అక్కడ అందరికంటే పాత కాపురం ఎవరిది, పల్లంలో ఇల్లున్నవాళ్లెవరు, వాచ్‌మన్ ఎవరు. రాత్రి వాన పడితే నీళ్లు ఎన్ని గంటలకు గేటు దాటాయో వాచ్‌మన్‌కు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కాలువల పని జీవీఎంసీది, అంటే విశాఖ నగరపాలక సంస్థది కాబట్టి వార్డు సచివాలయం నుంచి ఎమినిటీస్ సెక్రటరీని కూడా పిలవాలి. అయితే ఆయన్ని చివరి అరగంటకే రమ్మనండి. మొదటి నుంచీ కూర్చుంటే జనం మ్యాప్ వదిలేసి ఆయన మీద పడతారు, ఆయన సమాధానాలు చెప్పుకోవడంతోనే పూట గడిచిపోతుంది.

తేదీ పెట్టేముందు విశాఖ క్యాలెండరు ఒకసారి చూసుకోవాలి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లే ఆడవాళ్లు మీ వర్క్‌షాప్‌కు రారు, రమ్మనడం కూడా బాగోదు. సింహాచలం చందనోత్సవం, ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ, డిసెంబర్ 4 నేవీ డే చుట్టుపక్కల ట్రాఫిక్ మన చేతిలో ఉండదు. మత్స్యకారులతో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలమే సరైన సమయం, ఆ రోజుల్లో బోట్లు ఒడ్డునే ఉంటాయి. గాజువాక వైపు షిఫ్టుల లెక్క అడగండి. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి నేరుగా వచ్చిన మనిషి కుర్చీలో నిద్రపోతే తప్పు ఆయనది కాదు. ఇక ఆదివారం పొద్దున చేపలు, చికెన్ తెచ్చి ఇంట్లో ఇచ్చాకే మగవాళ్లు కదులుతారు. పదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటకు వదిలేస్తే అందరికీ మంచిది.

మూడో అడుగు: టూల్ ఎంచుకోవడం

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. వర్క్‌షాప్‌కు ఒక టూల్ సరిపోదు, రెండు కావాలి. హాల్లో ఉన్న రెండున్నర గంటల కోసం ఒకటి, ఆ తర్వాత ఆరు నెలల కోసం ఇంకొకటి. ఈ రెండు పనులూ ఒక్కదానితోనే చేయించబోతే రెండూ చెడతాయి.

హాల్లో వాడేదానికి నా కొలత ఒక్కటే: వచ్చినవాళ్లు లాగిన్ అవ్వాలా? అవ్వాలంటే బయటి జనం వచ్చే వర్క్‌షాప్‌కు అది పనికిరాదు. మిరో, మ్యూరల్ లాంటి వైట్‌బోర్డులు ఆఫీసు టీములకు చక్కగా పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ అందరికీ అకౌంట్లు ఉంటాయి, ఎదురుగా ల్యాప్‌టాప్ ఉంటుంది. మిరో ఉచిత ప్లాన్‌లో మార్చుకోగలిగే బోర్డులు మూడే ఇస్తారు, అది కూడా గుర్తుంచుకోండి. కాలనీవాళ్లతో అయితే నేనొక్కడినే బోర్డు తెరుస్తాను, వాళ్ల ఫోన్లకు ఆ బెడద పెట్టను. వాళ్ల నుంచి సమాచారం రావాలంటే గూగుల్ ఫామ్ ఉంది. ఫైల్ అప్‌లోడ్ అడిగే ప్రశ్న పెట్టకుండా, ఒక మనిషికి ఒకే జవాబు అన్న సెట్టింగు తీసేస్తే లాగిన్ అడగదు. ప్యాడ్‌లెట్ అనే ఆన్‌లైన్ బోర్డులో కూడా సెట్టింగు సరిగా పెడితే వచ్చినవాళ్లు అకౌంట్ లేకుండానే రాయగలరు.

చోటుతో ముడిపడిన సమస్య అయితే మ్యాప్ తప్పనిసరి. గూగుల్ మై మ్యాప్స్ ఉచితం, ఒక మ్యాప్‌లో పది లేయర్లు (ఒకదాని మీద ఒకటి వేసే పొరలు) పెట్టుకోవచ్చు. మాకు నాలుగు సరిపోయాయి: నీళ్లు నిలిచే చోట్లు, ఇప్పుడున్న కాలువలు, మూసుకుపోయిన కల్వర్టులు, పాత గెడ్డ దారి. దీన్ని ల్యాప్‌టాప్‌లోనే దిద్దండి, ఫోన్లో చూడ్డానికి మాత్రమే బాగుంటుంది. పాత ఉపగ్రహ చిత్రాలు చూడాలంటే గూగుల్ ఎర్త్ ప్రో ఉంది. అది 2015 నుంచి ఉచితం, కంప్యూటర్లో వేసుకోవాలి. పైన గడియారం గుర్తు నొక్కితే ఏళ్లు వెనక్కి జరుగుతాయి. మీ కాలనీకి ఏయే ఏళ్ల చిత్రాలు ఉన్నాయో ఇంట్లోనే చూసుకుని వెళ్లండి. పొలం, చెరువుగట్టు, వాగు ఉన్న చోట అపార్ట్‌మెంట్లు ఒక్కొక్కటే లేవడం తెర మీద కనపడుతుంటే హాలు నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం తర్వాత వచ్చే మాటల కోసమే నేను దాన్ని చూపిస్తాను.

తర్వాత ఆరు నెలలు వాడేది ఏదంటే, గూగుల్ షీట్. పనుల జాబితాకు ట్రెల్లో యాప్ బాగుంటుంది, కార్డులు అటూ ఇటూ జరపడం సరదాగానే ఉంటుంది, కానీ రిటైరైన ఒక మాస్టారు కొత్త యాప్ దించుకుని రోజూ తెరుస్తారని నేను అనుకోను. షీటు లింకు వాట్సాప్‌లో నొక్కితే తెరుచుకుంటుంది. జనం ఉండేది వాట్సాప్‌లో. మనం ఎంచుకున్న టూల్ అక్కడికి చేరలేకపోతే అది లేనట్టే లెక్క.

నాలుగో అడుగు: ఇంట్లో చేసుకోవాల్సినవి

వారం ముందు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క పని అడగండి. "మీ వీధిలో నీళ్లు నిలిచిన ఫొటో ఉంటే పంపండి." ఇందులో ఒక కిటుకు ఉంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది ఎక్కడ తీసిందో చెప్పే లొకేషన్ సమాచారం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే, ఫోన్ కెమెరాలో లొకేషన్ సెట్టింగు ఆన్‌లో ఉండి ఉంటే, అది నిలుస్తుంది. ఇదంతా వివరించడం కష్టమనిపిస్తే ఫొటోతో పాటు "ఎవరింటి ఎదురుగా" అని ఒక ముక్క రాయమనండి. మన ఊళ్లో అదే అసలైన జీపీఎస్.

తెలుగు అక్షరాల సంగతి ముందే చూసుకోవాలి. సంఘం పాత తీర్మానాలు డీటీపీ చేయించినవైతే చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి. వాటిని కాపీ చేసి బోర్డులో వేస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం తప్ప తెలుగు ఉండదు, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అలాగే బోర్డు మీద తెలుగు బాగానే కనపడి, పీడీఎఫ్ తీసినప్పుడు ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం" అని మూడు మాటలు రాసి పీడీఎఫ్ తీసి చూడండి. ఆ మూడూ నిలిస్తే మిగతావీ నిలుస్తాయి.

మ్యాప్‌ను కాగితం మీద కూడా ప్రింట్ తీయండి, ఏ4 మీద కాదు. బిల్డింగ్ ప్లాన్లు ప్రింట్ తీసే ప్లాటర్ షాపుల్లో ఏ0 సైజు దొరుకుతుంది, అంటే దాదాపు 84 × 119 సెంటీమీటర్లు. బల్లకు ఒకటి చొప్పున ఏ1, గోడకు ఒక ఏ0 తీయిస్తాను. ప్రింటుకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడుకోవడం మేలు. 2004లో మొదలైన ఈ ఉచిత మ్యాప్‌ను ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు, కింద వాళ్ల పేరు వేస్తే చాలు. ప్రింట్ తీశాక మార్కెట్టు, గుడి, స్కూలు, నీళ్ల ట్యాంకు పేర్లు తెలుగులో చేత్తో రాయండి. మ్యాప్‌లో సర్వే నంబర్లు ఉన్నా ఎవరికీ పట్టదు. "రాములవారి గుడి" కనపడగానే అందరూ వంగి వాళ్ల ఇల్లు వెతుక్కుంటారు.

కాగితం ఎందుకింత పట్టుదలగా అంటారేమో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్న ఎవరినైనా అడగండి. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, రోజుల తరబడి. వర్క్‌షాప్ రోజున అంత పెద్ద విపత్తు రానక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పేలితే చాలు.

ఐదో అడుగు: హాలు, వైర్లు, రిహార్సల్

ముందు రోజు సాయంత్రం హాలుకు వెళ్లండి. వర్క్‌షాప్ జరిగే వేళకే వెళితే ఇంకా మంచిది, కిటికీ ఎండ తెర మీద పడుతుందో లేదో తెలుస్తుంది. ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ మీ దగ్గరున్నదే పట్టుకెళ్లండి, ల్యాప్‌టాప్‌కు టైప్-సి ఒక్కటే ఉంటే కన్వర్టర్ కూడా. ఎక్స్‌టెన్షన్ బాక్స్ రెండు. కమ్యూనిటీ హాళ్లలో ప్లగ్ పాయింటు ఎప్పుడూ స్టేజీ మీదే ఉంటుంది, బల్లలు వేసేది ఇంకో చివర.

సిగ్నల్ ఏ నెట్‌వర్క్‌కు వస్తుందో చూడండి. కొండ పక్కన ఉన్న కాలనీల్లో ఒక కంపెనీ సిమ్‌కు నాలుగు గీతలు, ఇంకోదానికి సున్నా. ఫోన్ హాట్‌స్పాట్ మీద 30 మందిని ఎక్కించాలని ఆశపడకండి, చాలా ఫోన్లు పదిమంది దగ్గరే ఆగిపోతాయి. మీ ల్యాప్‌టాప్ ఒక్కదానికి నెట్ ఉంటే వర్క్‌షాప్ నడిచేలా అమర్చుకోండి. వాడబోయే మ్యాప్ పేజీలను స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

సాయానికి ఇద్దరు కావాలి. ఇద్దరూ తెలుగు టైపింగ్ వచ్చినవాళ్లు. ఒకరు టైప్ చేస్తారు, ఇంకొకరు మ్యాప్ చూసుకుంటారు. మీరు మాత్రం కీబోర్డు ముట్టుకోకూడదు. నడిపే మనిషి తల దించి టైప్ చేస్తుంటే హాల్లో ఏం జరుగుతుందో కనపడదు.

ఆరో అడుగు: మొదటి ఇరవై నిమిషాలు

స్వాగతోపన్యాసాలు, బొకేలు, శాలువాలు వద్దని ముందే మాట తీసుకోండి. ఒప్పుకోకపోతే చివర్లో పెట్టించండి.

అందరూ కూర్చోగానే ఆ ఒక్క వాక్యం గోడ మీద పెద్దగా అంటించి చదవండి. తర్వాత ఒక్కొక్కరూ గోడ మీది మ్యాప్ దగ్గరికి వచ్చి వాళ్ల ఇంటి మీద ఒక చుక్క పెట్టాలి. పేరు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, అంతే. కొందరు మ్యాప్ చదవలేరు, అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. "గుడి ఇదిగోండమ్మా, గుడి నుంచి మీ ఇంటికి ఎటు తిరుగుతారు?" అని అడిగితే వేలు దానంతటదే కదులుతుంది. ఈ చుక్కలు అయ్యేసరికి ఎవరిది పల్లమో, ఎవరిది మెట్టో హాలంతటికీ తెలిసిపోతుంది. తర్వాతి గొడవల్లో సగం ఇక్కడే తగ్గుతాయి.

ఏడో అడుగు: ముందు చేత్తో, తర్వాతే తెర

ఒక్కొక్కరికి మూడు చీటీలు ఇవ్వండి. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఒక చీటీకి ఒకటే సంగతి, మార్కర్‌తో, పెద్ద అక్షరాల్లో. పెన్ను ఇస్తే పేరా రాస్తారు, అందుకే మార్కర్. రాయడం రానివాళ్ల పక్కన బల్లకొకరు కూర్చుని వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయాలి. "నీళ్లు ఎనక్కి తన్నుతున్నాయి" అంటే "బ్యాక్‌వాటర్ సమస్య" అని దిద్దొద్దు.

30 మంది, తలా మూడు, మొత్తం 90 చీటీలు. బల్ల దగ్గర వాళ్లలో వాళ్లు చదువుకుని ఒకేలా ఉన్నవి ఒకచోట పేర్చుకుంటారు. చీటీలను ఇలా గుంపులు కట్టి, ఆ తర్వాతే గుంపుకు పేరు పెట్టే పద్ధతిని జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవాకితా రూపొందించారు, ఆయన పేరు మీదే కేజే పద్ధతి అంటారు. ఇందులో కీలకం పేరు చివర్లో పెట్టడం. ముందే "డ్రైనేజీ", "చెత్త", "రోడ్లు" అని శీర్షికలు పెట్టేస్తే జనం వాటిలోకి చీటీలు దోపుతారు తప్ప ఆలోచించరు.

గెడ్డ దారి కోసం రెండోసారి వెళ్లినప్పుడు కాగితం కూడా పక్కన పెట్టాను. హాలు బయట సిమెంటు నేల ఉంది. మామ్మగారికి ముగ్గు డబ్బా ఇచ్చాను. పల్లెల్లో పీఆర్ఏ (ఊరివాళ్లతోనే ఊరి సంగతులు తేల్చే సర్వే) చేసేవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్న పద్ధతే ఇది, ఊరి మ్యాప్ నేల మీద ముగ్గుతో వేయించడం. ఆవిడ ముందు గుడి దగ్గర ఒక చుక్క పెట్టారు, తర్వాత చింతచెట్టు దగ్గర ఒకటి, బట్టలుతికే బండ దగ్గర ఒకటి. చింతచెట్టు ఇప్పుడు లేదు, బండా లేదు. చుక్కలు కలుపుతూ వంపులు తిప్పి గీత లాగారు. మధ్యలో ఒకాయన "కాదు పిన్నీ, అక్కడ కొంచెం ఎడమకి" అన్నారు. ఆవిడ చెరిపి, ఆలోచించి, మళ్లీ లాగారు. పావుగంటలో పదిహేను మంది చుట్టూ చేరారు. ఒక అబ్బాయి కుర్చీ ఎక్కి పైనుంచి ఫొటో తీశాడు. ఆ ఫొటో పక్కన పెట్టుకుని మ్యాప్‌లో పాత గెడ్డ లేయర్ గీశాం. గీత నేరుగా ఆ రెండు వీధుల మీదుగా పోయింది.

ఎనిమిదో అడుగు: మౌస్ పట్టేవాళ్లకు నియమాలు

చీటీల్లో ఉన్నది ఇప్పుడు తెర మీదికి రావాలి. ఒక్కో చీటీకి 20 సెకన్లు పట్టినా 90 చీటీలకు అరగంట. అంతసేపు జనం ఖాళీగా కూర్చోరు. అందుకే టీ ఈ సమయానికే పెట్టాలి, టైప్ చేసేది గుంపుల పేర్లు, ఒక్కో గుంపు నుంచి రెండు మూడు చీటీల మాటలు మాత్రమే. మిగతావి ఫొటో తీసి పెట్టుకుంటే చాలు.

మౌస్ పట్టినవాళ్లకు తెలియకుండానే అధికారం వచ్చేస్తుంది. తనకు నచ్చిన మాట పెద్దగా, నచ్చనిది ఓ మూల చిన్నగా పడుతుంది. దీనికి నేను పెట్టుకున్న నియమాలు ఇవి. చెప్పిన మనిషి "ఔను, నేనన్నది అదే" అనేదాకా తర్వాతిదానికి వెళ్లకూడదు. తెర మీద ఏది చెరిపినా, జరిపినా పైకి చెప్పి చెయ్యాలి. మౌస్ పట్టే మనిషి సొంత అభిప్రాయం చెప్పాలంటే మౌస్ కింద పెట్టి, చెయ్యెత్తి, అందరిలాగే చెప్పాలి. ఇంకోటి, బల్లల వంతు వచ్చినప్పుడు ఎక్కువ మాట్లాడే బల్లను చివర పెట్టండి. మొదట తెర మీద పడిన మాటల చుట్టూనే మిగతావన్నీ అల్లుకుంటాయి.

టైప్ చేసేవాళ్లు వెనకబడితే ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ వాడుకోవచ్చు, నిశ్శబ్దంగా ఉన్న మూల అయితేనే. హాలు మధ్యలో అది "కల్వర్టు"ను ఏమని రాస్తుందో చూసి నవ్వుకోవడానికే పనికొస్తుంది.

తొమ్మిదో అడుగు: ఓట్లు

అన్నీ ముఖ్యమే అంటారు. అందుకే ఒక్కొక్కరికి మూడు చుక్కలు, వాళ్లకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన మూడు పనుల మీద అంటించాలి. మొదట్లో నేను బొట్టుబిళ్లల ప్యాకెట్లు వాడేవాణ్ని. చవక, రంగులుంటాయి, అందరూ నవ్వుతూ తీసుకునేవారు. ఒకసారి ఒకావిడ చెయ్యి చాపలేదు. పక్కావిడ నా చెవిలో చెప్పారు, ఆవిడ భర్త పోయి మూడు నెలలైందని. ఆ రోజు నుంచి స్టేషనరీ షాపులో దొరికే రంగు చుక్కల స్టిక్కర్లే.

ఒకరు అంటించినచోటే తర్వాతివాళ్లూ అంటిస్తారు, ముఖ్యంగా ప్రెసిడెంటుగారు ముందు వెళితే. కాబట్టి పనులకు నంబర్లు వేసి, ముందు తాము ఎంచుకున్న మూడు నంబర్లూ చీటీ మీద రాసుకోమనండి, తర్వాతే అందరూ లేచి ఒకేసారి అంటించాలి. రానివాళ్ల ఓటు కోసం వాట్సాప్ పోల్ పెడదామని ఎవరో అంటారు. అందులో 12 ఆప్షన్ల దాకా పెట్టుకోవచ్చు, కానీ ఎవరు దేనికి ఓటేశారో గ్రూపంతా చూస్తుంది. ఆక్రమణ తొలగింపు లాంటి సున్నితమైన విషయమైతే పక్కింటివాడి అరుగు మీద బహిరంగంగా ఓటెవరేస్తారు? అక్కడ పేరు అడగని గూగుల్ ఫామ్ పెట్టండి.

ఓట్ల లెక్క రాగానే ఆగిపోకండి. తక్కువ ఓట్లు పడినవాటిలో "ఇది వదిలేస్తే మిగతావి కూడా ఆగిపోతాయి" అన్నవి ఏవైనా ఉన్నాయా అని అడగండి. మాకు కల్వర్టు పూడిక తీత నాలుగో స్థానంలో పడింది. వాచ్‌మన్ లేచి, "అది తీయకుండా పైన కాలవ కడితే నీళ్లు ఇంకా స్పీడుగా వచ్చి ఇక్కడే ఆగుతాయి సార్" అన్నాడు. అది ఒకటో నంబరుకు వచ్చింది.

పదో అడుగు: గొడవ లేచినప్పుడు

లేస్తుంది. "మీ ర్యాంపే కాలవ మీదుంది" అని ఒకరు, "ముందు మీ సంపు సంగతి చూడండి" అని ఇంకొకరు. ఆపడానికి గొంతు పెంచొద్దు. ఇద్దర్నీ లేపి గోడ మీది మ్యాప్ దగ్గరికి తీసుకెళ్లండి, ఇద్దరి చేతికీ మార్కర్లివ్వండి. "ఎక్కడో చూపించండి మాస్టారూ." మనిషి వైపు చూపించే వేలు మ్యాప్ మీదికి మళ్లితే సగం వేడి తగ్గుతుంది. అప్పటికీ తేలకపోతే ఆ సంగతి "తర్వాత చూద్దాం" అన్న కాగితం మీద రాసి, వాళ్ల ముందే గోడకు అంటించండి. రాసింది కనపడితే మనిషి ఊరుకుంటాడు. సంఘం ఎన్నికల పాత పగలు ఉంటే మాత్రం అవి మీ వల్ల తీరవు, తీర్చబోకండి.

పదకొండో అడుగు: చివరి అరగంట

షీటు తెర మీద తెరవండి. నిలువు వరుసలు నాలుగే: పని, ఎవరు, ఎప్పటికి, ఎక్కడ ఆగింది. "ఎవరు" కింద "సంఘం" అని రాయనివ్వొద్దు, మనిషి పేరే ఉండాలి. ఆ మనిషి హాల్లోనే ఉండి "సరే" అనాలి, లేనివాళ్లకు పని అంటగట్టడం మన అలవాటు. ఎమినిటీస్ సెక్రటరీ వచ్చేది ఇప్పుడు. ఆయనకు మ్యాప్ చూపించేది మీరు కాదు, కాలనీ మనిషి. ఏది సచివాలయం స్థాయిలో అవుతుంది, దేనికి పై ఆఫీసులో అంచనా వేయాలి అన్నది ఆయన నోటి నుంచే రాయించుకోండి. ఫోన్ నంబర్లు షీటులో పెట్టకండి, లింకు ఎక్కడెక్కడికి పాకుతుందో చెప్పలేం.

పన్నెండో అడుగు: ఆ రాత్రే చెయ్యాల్సింది

మర్నాటికి వాయిదా వేస్తే వారం పడుతుంది, నాకు తెలుసు. గోడ మీది కాగితాలన్నీ ఫొటోలు తీసి, బోర్డు, మ్యాప్ పీడీఎఫ్‌లు తీసి వాట్సాప్ గ్రూపులో డాక్యుమెంట్లుగా పెట్టండి. దానితో పాటు నిమిషం దాటని వాయిస్ మెసేజ్ ఒకటి: ఏం తేలింది, ఎవరు ఏం చేస్తారు. పీడీఎఫ్ తెరవనివాళ్లు కూడా అది వింటారు. లింకుల పర్మిషన్ ఎడిటర్ నుంచి వ్యూయర్‌కు మార్చండి, ఇద్దరు ముగ్గురికి తప్ప. ఎవరైనా పొరపాటున షీటు చెరిపేసినా వెర్షన్ హిస్టరీలో పాతది దొరుకుతుంది, కంగారు పడక్కర్లేదు.

ఆన్‌లైన్ బోర్డులోనే ఉంది కదా అని ఊరుకోకండి. గూగుల్ జామ్‌బోర్డు చాలామంది వాడేవారు, 2024 డిసెంబర్ 31న దాన్ని మూసేశారు. నా పాత వర్క్‌షాప్‌లు కొన్ని అందులోనే పోయాయి, డౌన్‌లోడ్ చేసుకోమని వచ్చిన మెయిళ్లు చూడకపోవడం నా బద్ధకమే.

కొందరు హాల్లో, కొందరు జూమ్‌లో ఉండి జరిపేదాని గురించి అడుగుతుంటారు. అమెరికాలో ఉన్న ఫ్లాటు ఓనర్ల కోసం రెండుసార్లు ప్రయత్నించాను. హాల్లో మాటలు వాళ్లకు వినపడవు, వాళ్లు మాట్లాడితే హాలంతా ప్రతిధ్వని. వాళ్లకు ముందే ఫామ్ పంపి జవాబులు చీటీల మీద రాసి తీసుకెళ్లడం దీనికంటే చాలా నయం.

పదిహేను రోజులకొకసారి షీటులో "ఎక్కడ ఆగింది" వరుస మాత్రం స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టే పని ఒకరికి అప్పగించండి. మధురవాడ కాలనీలో ఆ పని వాచ్‌మన్ కూతురు చేస్తోంది, ఇంటర్ చదువుతోంది. మ్యాప్ కూడా ఆ అమ్మాయి దగ్గరే ఉంది. అర్జీకి జత చేసిన ప్రింటులో నాలుగో లేయర్‌కు "పాత నీటి మార్గం" అని పేరు వేశాం. ఆన్‌లైన్‌లో మాత్రం ఆ లేయర్ పేరు ఇప్పటికీ "మామ్మగారి గెడ్డ".